డిష్‌లో చచ్చే క్యాన్సర్ కణం ఒంట్లో చస్తుందా? పసుపు, ఎముక క్యాన్సర్ మీద నిజామాబాద్‌లో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినబడుతోందా? సరే.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోవద్దు. పసుపులో ఉండే కర్క్యుమిన్ ఎముక క్యాన్సర్ కణాలను చంపుతుందా అని అడిగితే, డిష్‌లో, అంటే ల్యాబులో కణాలను పెంచే గిన్నెలో, చంపుతుంది, మా ల్యాబులో పరిశోధన చేసే పిల్లలు మైక్రోస్కోపులో చూస్తూనే ఉంటారు. మరి పసుపుతో ఎముక క్యాన్సర్ నయమవుతుందా అని అడిగితే, అలా అని రుజువు చేసిన పరీక్ష ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నదే ఇవాళ్టి సంగతి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళలో పసుపు పండిస్తారు, కాడి ఏదో మండ ఏదో నాకంటే మీకే బాగా తెలుసు, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా మీ ఊళ్ళోనే మొదలైంది. అందుకే ఈ మాట ఇక్కడే చెప్పాలనిపించింది.

మొక్కల్లో రంగులు చాలా రకాలు. ఆకులో క్లోరోఫిల్, టమాటాలో లైకోపీన్, క్యారట్‌లో బీటా కెరోటిన్, నేరేడు పండులో, నల్ల ద్రాక్షలో, వంకాయ తొక్కలో ఆంథోసయనిన్లు, ఉల్లిపాయలో క్వెర్సెటిన్. వీటిలో దాదాపు ప్రతిదాన్నీ ఎవరో ఒకరు క్యాన్సర్ కణాల మీద పోసి చూశారు. అన్నీ చెప్పుకుంటూ పోతే మీరు నిద్రపోతారు కాబట్టి పసుపునే పట్టుకుంటాను, మిగతావాటి కథ కూడా చాలావరకు ఇలాంటిదే.

ఎముక క్యాన్సర్ అంటే ఇక్కడ నా ఉద్దేశం ఆస్టియోసార్కోమా. రొమ్ములోనో ప్రోస్టేట్‌లోనో మొదలై ఎముకకు పాకే క్యాన్సర్ వేరు. ఇది ఎముకలోనే పుడుతుంది, అదీ ఎక్కువగా పది నుంచి ఇరవై ఏళ్ళ లోపు పిల్లల్లో, వాళ్ళు ఒక్కసారిగా పొడుగు పెరిగే వయసులో. మోకాలి పైన తొడ ఎముక చివర, మోకాలి కింద కాలి ఎముక మొదట్లో, భుజం దగ్గర ఎక్కువగా వస్తుంది. ముదిరితే ముందుగా ఊపిరితిత్తులకు పాకుతుంది. 1970ల ముందు కాలు తీసేసినా పది మందిలో ఇద్దరు కూడా బతికేవారు కాదు. ఇప్పుడు, పాకక ముందే దొరికితే, కీమో, ఆపరేషన్ రెండూ చేసి పదిమందిలో ఆరేడుగురిని కాపాడుతున్నారు, అదీ చాలామందికి కాలు తియ్యకుండానే.

ఇప్పుడు ల్యాబులోకి వెళ్దాం. మేం వాడే కణాలకు పేర్లుంటాయి: ఎంజీ-63, సావోస్-2, యూ-2 ఓఎస్. చూడ్డానికి మోటార్ స్పేర్ పార్టు నంబర్లలా ఉంటాయి కానీ ఒక్కో పేరు వెనక ఒక్కో పిల్లో పిల్లాడో ఉన్నారు. యూ-2 ఓఎస్ 1964లో పదిహేనేళ్ళ అమ్మాయి కాలి ఎముకలోని గడ్డ నుంచి తీసింది. సావోస్-2 కణాలు 1973లో పదకొండేళ్ళ అమ్మాయివి. ఎంజీ-63 పద్నాలుగేళ్ళ అబ్బాయిది. ఆ కణాలు ఇన్ని దశాబ్దాలుగా ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట ఇదే చెబుతాను, ఫ్లాస్కు మీద మార్కర్‌తో పేరు రాసేటప్పుడు కాస్త గుర్తుంటుందని.

ఎంజీ-63 కణాలు ప్లాస్టిక్ ఫ్లాస్కు అడుగుకు అతుక్కుని పెరుగుతాయి, రెండు కొసలూ సాగినట్టు సన్నగా పొడుగ్గా ఉంటాయి. పైన గులాబీ రంగు ద్రవం, అదే వాటి తిండి. ఆ గులాబీ రంగు ఫినాల్ రెడ్ అనే డై వల్ల వస్తుంది, తిండి పాడై పులిస్తే పసుపు పచ్చగా మారి మనకు చెబుతుంది. కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు, అందుకే డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి చుక్క చుక్కగా వేస్తాం. ఇరవై మైక్రోమోలార్ (ద్రవంలో మందు ఎంత గాఢంగా కలిసిందో చెప్పే కొలత అది) వేసి ఒక రాత్రి ఇంక్యుబేటర్లో వదిలేసి పొద్దున్నే వచ్చి చూస్తే సన్నగా సాగి ఉన్న కణాలు గుండ్రంగా ముడుచుకుపోయి ఉంటాయి, అంచుల మీద చిన్న చిన్న బుడగలు లేచి ఉంటాయి, కొన్ని అడుగు వదిలేసి పైకి తేలుతుంటాయి. కణం తనను తాను పద్ధతిగా చంపుకుంటున్నప్పుడు ఇలాగే కనబడుతుంది, దాన్నే అపోప్టోసిస్ అంటారు. లోపల ఏం జరిగిందో కొలిస్తే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిని, క్యాస్పేజ్-3 అనే కత్తెర లాంటి ఎంజైమ్ పనిలోకి దిగి ఉంటుంది. విభజనకు సిద్ధమైన కణాలు ఆ గడప దగ్గరే ఆగిపోయి ఉంటాయి. మొదటిసారి చూసిన వాళ్ళెవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. పత్రికల్లో 'పసుపుతో ఎముక క్యాన్సర్‌కు చెక్' అని వచ్చే వార్తలన్నీ ఈ పొద్దుటి ఫోటోల నుంచి పుట్టినవే.

కానీ చూసిందల్లా నమ్మడానికి లేదు. కణాలు ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టడానికి మేం ఎక్కువగా వాడేది ఎంటీటీ పరీక్ష. ఎంటీటీ అనే పసుపు పచ్చటి రసాయనం వేస్తే బతికున్న కణాలు దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి, ఆ ఊదా ఎంత గాఢంగా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు లెక్క. ఇప్పుడు ఆలోచించండి, మనం పరీక్షిస్తున్నదే రంగు పదార్థం, దాన్ని కొలిచేది కూడా రంగుతోనే. క్వెర్సెటిన్ లాంటివి కణాలు ఒక్కటీ లేని గుంటలో (పరీక్ష చేసే ప్లేటులోని చిన్న గుంటలో) కూడా ఎంటీటీని వాటంతట అవే ఊదాగా మార్చేస్తాయి. కర్క్యుమిన్ అయితే ఆకుపచ్చగా మెరుస్తుంది, మేం ఫ్లోరోసెన్స్‌తో, అంటే మెరుపును బట్టి, చేసే కొలతల్లోకి అది కూడా దూరిపోతుంది. ఇంకో తంటా, ఇలాంటి మొక్కల పదార్థాలు కొన్ని ఆ గులాబీ ద్రవంలోనే కణాలను చంపగల హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి, అప్పుడు కణాన్ని చంపింది మొక్క రంగా, పెరాక్సైడా? జాగ్రత్తగల ల్యాబులు కణాలు లేని గుంటలు, పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ వేసిన గుంటలు పక్కన పెట్టుకుంటాయి. పెట్టుకోనివాళ్ళ పేపర్లు కూడా అచ్చవుతూనే ఉంటాయి, ఆ విషయంలో నేనేం చెయ్యగలను.

కర్క్యుమిన్‌కు ఇంకో అవలక్షణం ఉంది, అది నిలకడగా ఉండదు. మన ఒంటి వేడిలో, మన రక్తం లాంటి క్షారతలో, మామూలు ఉప్పు ద్రావణంలో వేసి పెడితే అరగంటలో తొంభై శాతం దాకా విరిగిపోతుందని 1997లోనే చూపించారు. సీరమ్, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, ఉంటే కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు ఒక పెద్ద సమీక్ష రాసి, మనుషుల మీద 120కి పైగా ట్రయల్స్ జరిగినా, డాక్టరుకూ రోగికీ ఎవరికి మందు ఎవరికి డమ్మీ అన్నది తెలియకుండా చేసిన ట్రయల్‌లో కర్క్యుమిన్ నెగ్గింది ఒక్కటీ లేదన్నారు. దాని మీద పెద్ద గొడవే జరిగింది, పసుపు పక్షం వాళ్ళు గట్టిగానే ఎదురు రాశారు. నాకైతే ఆ సమీక్షలో చెప్పిన రసాయన శాస్త్రం సరైనదేననిపిస్తుంది.

అసలు లెక్కకు వస్తాను, పెన్ను ఉన్నవాళ్ళు రాసుకోండి.

ఎండు పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు మూడు శాతం, రకాన్ని బట్టి అటూ ఇటూ. చెంచాడు పసుపు మూడు గ్రాములనుకుంటే కర్క్యుమిన్ తొంభై మిల్లీగ్రాములు. తైవాన్‌లో 2001లో క్యాన్సర్ వచ్చే సూచనలున్న వాళ్ళకు రోజుకు ఎనిమిది గ్రాముల దాకా శుద్ధమైన కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. ఎనిమిది గ్రాముల కర్క్యుమిన్ అంటే మన పసుపు లెక్కలో పావుకిలో పైనే. అంతకు మించి ఇద్దామంటే విషమని కాదు, అన్ని మాత్రలు మింగలేక జనమే వద్దన్నారు. అంత తిన్నా రక్తంలో అది సగటున రెండు మైక్రోమోలార్ కూడా దాటలేదు. మన డిష్‌లో వేసింది ఇరవై.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు 2010లో ప్రచురించిన పరిశోధన ఇది, అచ్చంగా ఆస్టియోసార్కోమా రోగులతో, వాళ్ళతోపాటు ఆరోగ్యవంతులతో కూడా చేశారు. మామూలు కర్క్యుమిన్ ఒంటికి పట్టదని తెలుసు కాబట్టి దాన్ని కొవ్వు రేణువుల్లో పొదిగి ఇచ్చారు. ఆరోగ్యవంతులకు 650 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలో గరిష్ఠంగా మిల్లీలీటరుకు 22 నానోగ్రాముల చిల్లర వచ్చింది. అదే మోతాదులో మామూలు కర్క్యుమిన్ ఇస్తే రక్తంలో దాని జాడే దొరకలేదు. 22 నానోగ్రాములంటే డిష్ భాషలో 0.06 మైక్రోమోలార్. ఇరవైని 0.06తో భాగించండి. మూడు వందల రెట్లకు పైగా తేడా. రోగులకు రెండు నుంచి నాలుగు గ్రాముల దాకా ఇచ్చారు, బాగానే తట్టుకున్నారు, కానీ మోతాదు పెంచినంత మాత్రాన రక్తంలో ఆ లెక్కన పెరగలేదు, ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంది. నాకు ఈ పరిశోధన అంటే గౌరవం, ఎందుకంటే వాళ్ళు నయమైందని డప్పు కొట్టలేదు, ఎంత లోపలికి పోతోందో కొలిచి ఆ అంకె మన ముందు పెట్టారు.

మనం మింగింది పేగు గోడ దాటేలోపే, ఆ తర్వాత కాలేయంలో, దానికి గ్లూకురోనైడ్ అనే చక్కెర తోక తగిలించి బయటికి పంపించేస్తుంది ఒళ్ళు. అంటే కర్క్యుమిన్‌ను మన శరీరం బయటివస్తువుగానే చూస్తుంది, తప్పేం లేదు, దాని పని అది.

ఎవరో చెయ్యెత్తారు. మిరియాలతో కలిపి తింటే పసుపు ఒంటికి పడుతుంది కదా అనా? వస్తాను వస్తాను, చివర్లో.

ఇప్పుడు మీరెవరూ ఊహించని మలుపు ఒకటుంది. ఎముక క్యాన్సర్‌కు ఇచ్చే అసలు మందుల్లో రెండు రంగుల కుటుంబానికి చెందినవే. ఒకటి ఎర్రది, డాక్సోరుబిసిన్. 1950ల్లో ఇటలీలో కాస్టెల్ డెల్ మోంటే అనే పాత కోట దగ్గరి మట్టిలో ఎర్రటి రంగు తయారుచేసే ఒక బ్యాక్టీరియా దొరికింది, దాని నుంచి వచ్చిన మందుల సంతానమే ఇది. ఇది మొక్క రంగు కాదు, బ్యాక్టీరియా రంగు. సెలైన్ ట్యూబులో ఎర్రగా దిగుతుంటే పక్కన కూర్చున్న తల్లిదండ్రులకు గుండె గుబేలుమంటుంది, ఆ తర్వాత ఒకట్రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, రక్తం కాదది, మందే. దీనికీ హద్దుంది, జీవితం మొత్తం మీద ఇంతకు మించి ఇవ్వకూడదని లెక్క పెట్టుకుంటారు, లేకపోతే గుండె కండరం దెబ్బతింటుంది.

రెండోది పసుపు పచ్చగా ఉండేది, మెథోట్రెక్సేట్. దీని అణువులో ఉండే టెరిడిన్ అనే ఉంగరాన్ని మొదట కనిపెట్టింది సీతాకోకచిలుక రెక్కల రంగుల్లో. ఈ మందు కథలో మన మనిషి ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబులో, కణాలు పెరగడానికి కావాల్సిన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌కు అడ్డుపడే మందులను తయారు చేయించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, పదహారు మందిలో పదిమందికి తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు అదే సంవత్సరం పోయారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. 1970ల మొదట్లో అదే బోస్టన్‌లో నార్మన్ జాఫే అనే డాక్టరు దాన్ని భారీ మోతాదులో ఎముక క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, వెంటనే ల్యూకోవోరిన్ అనే విరుగుడుతో మంచి కణాలను కాపాడే పద్ధతి పెట్టారు. ఇప్పుడది ఒంటి పైభాగం విస్తీర్ణంలో చదరపు మీటరుకు పన్నెండు గ్రాముల దాకా వెళ్తుంది. రక్తంలో దాని మోతాదు కొలుస్తూ ఉండాలి కాబట్టి మన దేశంలో అన్ని ఆసుపత్రులకూ కుదరదు. టాటా వాళ్ళు అది లేకుండానే డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్, ఐఫాస్ఫమైడ్ అనే మూడు మందులతో ఓజీఎస్-12 అనే పద్ధతి నడుపుతున్నారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ప్రకృతిలో దొరికింది మందు కాలేదని నేననడం లేదు. బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది కదా. కానీ బిళ్ళగన్నేరు ఆకు నమిలితే రక్త క్యాన్సర్ తగ్గదు. ఆకులోంచి అణువును విడదీసి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి, ఎవరికి ఇవ్వకూడదు అని తేల్చడానికి ఏళ్ళు పట్టింది. కర్క్యుమిన్ ఆ దారిలో ఇంకా మొదటి మజిలీ దాటలేదు.

ప్రకృతి రంగు కదా, పని చేయకపోయినా పోయేదేముంది అంటారు. పోయేది ఉంది. ఫిన్లాండ్‌లో ఇరవై తొమ్మిది వేల మంది పొగతాగే మగవాళ్ళను తీసుకుని, వాళ్ళలో సగం మందికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే, 1994లో తేలిందేమిటంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో అలాంటిదే ఇంకో ట్రయల్‌లో 28 శాతం పెరిగితే గడువుకు ముందే ఆపేశారు. క్యారట్ తినొద్దని కాదు, క్యారట్ వేరు, దాని రంగును విడదీసి మాత్ర చేసి రోజూ మింగడం వేరు. కర్క్యుమిన్ విషయంలో 2002లో రొమ్ము క్యాన్సర్ కణాల మీద చేసిన పనిలో, అది ముందే ఉంటే డాక్సోరుబిసిన్ చంపాల్సిన కణాలు సరిగ్గా చావలేదు. అదే డాక్సోరుబిసిన్, ఇందాక చెప్పిన ఎర్ర మందు. ఎముక క్యాన్సర్ కణాల మీద మాత్రం కొన్ని ల్యాబులకు రెండూ కలిపితే బాగా పనిచేసినట్టు కనిపించింది. అంటే ఎటైనా జరగొచ్చు. కీమోలో ఉన్న పిల్లాడి మీద అలాంటి జూదం ఆడతామా?

సరే, మంచి కబురు కూడా ఒకటి ఉండాలి కదా. పేగు దాటదు, రక్తంలో నిలవదు అన్నదే సమస్య అయితే పేగునూ రక్తాన్నీ పక్కన పెట్టేద్దాం అన్నారు కొందరు. అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో సుష్మితా బోస్ గారి బృందం 2019లో ఏం చేసిందంటే, గడ్డ తీసేశాక ఎముకలో మిగిలే ఖాళీలో పెట్టడానికి కాల్షియం ఫాస్ఫేట్‌తో త్రీడీ ప్రింటర్ మీద జల్లెడ లాంటి ముక్క తయారు చేసి, కొవ్వు బుడగల్లో పొదిగిన కర్క్యుమిన్‌ను దానిలో నింపింది. అది మెల్లగా అక్కడికక్కడే ఊరుతుంది, కావాల్సిన చోట కావాల్సిన గాఢత. పదకొండు రోజుల్లో క్యాన్సర్ కణాల పెరుగుదల 96 శాతం తగ్గింది, మంచి ఎముక కణాలు మాత్రం పెరిగాయి. ఇది కూడా డిష్‌లోనే, మనిషిలో కాదు. కానీ ఈ ప్రశ్న సరైన ప్రశ్న. ఈ హాల్లో ఎమ్మెస్సీ పిల్లలెవరైనా ఉంటే పని చేయాల్సింది ఇలాంటి చోట, ఇంకో పండు రసం తెచ్చి ఎంజీ-63 మీద పోసి ఇంకో పేపరు రాయడం కాదు.

ఇప్పుడు మిరియాలు. అవును, 1998లో బెంగళూరు వాళ్ళు రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో ఇరవై మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియానికి ఘాటునిచ్చే పదార్థం, ఇస్తే కర్క్యుమిన్ ఒంటికి పట్టడం రెండు వేల శాతం పెరిగిందన్నారు. ఈ అంకెను ప్రతి డబ్బా మీదా అచ్చు వేస్తారు. దాదాపు ఏమీ లేనిదాన్ని ఇరవై రెట్లు చేసినా వచ్చేది కొంచెమే, డిష్‌లోని మోతాదుకు ఎక్కడా చేరదు. ఇంకా చూడండి, మిరియం ఆ పని ఎలా చేస్తుందంటే, బయటివస్తువులను పంపించేసే ఎంజైమ్‌లను అడ్డుకుని. అవే ఎంజైమ్‌లు, ఆ పక్కనే ఉండి కణంలోంచి మందులను బయటికి తోసే పంపులు కీమో మందులను కూడా చూసుకుంటాయి. వాటిని కదిలిస్తే లోపల ఏ మందు ఎంత పోగుపడుతుందో డాక్టరు లెక్కకు అందదు. పసుపు, మిరియం కలిపిన సప్లిమెంట్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి కూడా. రసంలో వేసుకునే మిరియాల గురించి కాదు నేననేది, మీరు హాయిగా తినండి.

ఆ పక్కన అమ్మ అడుగుతున్నారు, పాలల్లో పసుపు వేసి పిల్లకు ఇవ్వచ్చా అని. ఇంట్లో మామూలుగా వాడే పసుపుతో నాకే పేచీ లేదమ్మా, కీమో నడుస్తుంటే మాత్రం పాల దగ్గర్నుంచి అన్నీ డాక్టరును అడిగే ఇవ్వండి, కాలేయానికి, రక్తకణాలకు ఆ టైములో కష్టంగా ఉంటుంది. క్యాప్సూల్ అయితే డబ్బాతో సహా పట్టుకెళ్ళి చూపించండి, చాలామంది తిడతారని దాచేస్తారు, దాచొద్దు.

ఇంకొకటి, ఎవరూ అడగలేదు కానీ నేనే చెబుతాను. పిల్లాడు మోకాలి నొప్పి అంటాడు, ఆటలో దెబ్బ తగిలిందనుకుంటాం, పసుపు పట్టు వేస్తాం, మాలిష్ చేయిస్తాం, కట్టు కట్టిస్తాం. ఎముక మీద పట్టు వేసిన పసుపు లోపలికి పోదు. నొప్పి రాత్రిపూట నిద్ర లేపుతోందంటే, రెండు మూడు వారాలైనా తగ్గట్లేదంటే, అక్కడ వాపు గట్టిగా పెరుగుతోందంటే మాలిష్ ఆపేసి ముందు ఒక ఎక్స్‌రే తీయించండి, పెద్ద ఖర్చు కాదు. అనుమానం వస్తే బయాప్సీ, అంటే సూదితో గడ్డ ముక్క తీసి చూసే పరీక్ష, మాత్రం కనబడ్డ ఆసుపత్రిలో చేయించొద్దు, ఆపరేషన్ ఎక్కడ చేస్తారో అక్కడే చేయించాలి, ఎందుకంటే సూది పోయిన దారి కూడా తర్వాత గడ్డతోపాటు తీసేయాల్సి ఉంటుంది, అది తప్పుగా పోతే కాలు కాపాడడం కష్టమవుతుంది. హైదరాబాద్‌లో రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే వెంట పెట్టుకుని వెళ్ళండి, ఎక్స్‌రే ఫిల్మ్ మడత పెట్టకుండా తీసుకెళ్ళండి. ఇంకా ఎవరైనా ఏమైనా అడగాలంటే అడగండి, నేనిక్కడే ఉంటాను.